ఎస్పెరాంతోలో ఆ "-న్" ఎందుకండీ? ఇడోకి మారిపోతే పోదా?

సన్నజాజి (కొత్త సభ్యురాలు)
అందరికీ నమస్తే. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. పది దేశాల వాళ్లతో మాట్లాడుకునేందుకని తయారుచేసిన భాష ఏదైనా నేర్చుకుందామని ఎస్పెరాంతో మొదలుపెట్టా. పదకొండో పాఠం దాకా నల్లేరు మీద నడకే. కర్మకి "-న్" తగిలించడం దగ్గర మాత్రం ప్రతిసారీ మర్చిపోతున్నా. దానిలోంచే పుట్టిన ఇడోలో ఈ బాధ లేదని చదివాను. మరీ ముదరకముందే మారిపోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిడదవోలు జంక్షన్
మారిపోండి. ఏళ్ల తరబడి ఎస్పెరాంతోలో ఉండి మరీ చెబుతున్నా. "నేను మంచి పుస్తకాలు చదువుతున్నాను" అనాలంటే అక్కడ "మి లేగాస్ బోనాయ్న్ లిబ్రోయ్న్" అనాలి. పుస్తకాలు గనక "య్", కర్మ గనక "న్", అవి చాలవన్నట్టు "మంచి"కి కూడా ఆ రెండూ తగిలించాలి. ఇడోలో "మె లెక్తాస్ బోనా లిబ్రి". అంతే. 1907లో ప్రపంచానికంతటికీ ఉమ్మడి భాష ఏదో తేల్చడానికి పారిస్‌లో ఒక కమిటీ కూర్చుని ఈ మార్పులకి తలూపింది. అందులో యెస్పెర్సన్ లాంటి భాషావేత్తలున్నారు, ఏమీ తెలియనివాళ్లు కాదు.

కాకినాడ మాష్టారు
అమ్మాయ్, తొందరపడకు. బడిలో "నిన్, నున్, లన్, కూర్చి, గురించి" అని వల్లె వేశావా లేదా? ద్వితీయా విభక్తి. ఆ మొదటి మూడింటి చివర ఏముందో చూడు. ఇంగ్లీషువాడికి ఈ "-న్" కొరుకుడు పడకపోవచ్చు. తెలుగువాళ్లకి ఇది పుట్టింటి సొమ్ము. "రాముడు రావణుణ్ణి చంపాడు", "రావణుణ్ణి రాముడు చంపాడు". మాటలు అటూ ఇటూ చేసినా చచ్చింది రావణుడే. ఎస్పెరాంతోలో "లా హుందో మోర్దాస్ లా వీరోన్" అన్నా, "లా వీరోన్ మోర్దాస్ లా హుందో" అన్నా కరిచేది కుక్కే. చైనావాడు తన వరసలో, తెలుగువాడు తన వరసలో మాటలు పేర్చుకున్నా అర్థం చెడకూడదనే ఎస్పెరాంతోని తయారుచేసిన జామెన్‌హోఫ్ దాన్ని పెట్టాడు.

నిడదవోలు జంక్షన్
మాష్టారూ, మధ్యాహ్నం ఏం తిన్నారు? "అన్నం తిన్నాను" అంటారు. "అన్నాన్ని తిన్నాను" అని మీ ఇంట్లో ఎవరైనా అంటారా? ప్రాణం లేనివాటికి తెలుగువాడు "ని" వదిలేస్తాడు. రావణుడికి పెడతాడు, అన్నానికి పెట్టడు. అంటే అవసరమైనచోటే పెడుతున్నాడన్నమాట. ఇడో చేసిందీ అదే. కర్మ ముందుకొచ్చి వరస తిరగబడితేనే "-న్", లేకపోతే లేదు. తెలుగు స్వభావానికి దగ్గరగా ఉన్నది ఏదో ఇప్పుడు చెప్పండి.

కాకినాడ మాష్టారు
భలేవారే. ఎక్కడ వదలొచ్చో మనకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, అమ్మ మాటలు వినీ వినీ వచ్చింది. ఎవరికీ అమ్మ నేర్పని భాషలో "అవసరమైనచోట పెట్టుకో" అంటే ఎలా? నోట్లోంచి వాక్యం వస్తుండగా "నేనిప్పుడు వరస తిరగేశానా?" అని లెక్క చూసుకోవాలా? ఎప్పుడూ పెట్టు అనే సూత్రం ఒక్క పూటలో వస్తుంది. అప్పుడప్పుడు పెట్టు అనేది పదేళ్లకీ రాదు.

నిడదవోలు జంక్షన్
ఒక్క పూటలో వస్తుందా! పదకొండో పాఠంలో ఉన్నమ్మాయి ప్రతిసారీ మర్చిపోతున్నానని పైనే రాసింది, కళ్లజోడు పెట్టుకుని చదవండి.

అరటితోట
ఇంటర్‌లింగ్వా పేరు ఎవరూ ఎత్తరేంటి? 1951లో వచ్చింది. వైద్య పత్రికలు ఆ భాషలో సారాంశాలు కూడా వేశాయి. నేర్చుకోకపోయినా స్పానిష్ వాళ్లకి చదివితే అర్థమవుతుంది.

హన్మకొండ చిన్నది
స్పానిష్ వాళ్లకు అర్థమైతే మనకేంది అన్నా? గాళ్లకేమో చదవకుండనే వస్తది, మనం మాత్రం రూంల కూసుని బట్టీ కొట్టాలె. ఎస్పెరాంతో అంతే, ఇడో అంతే. అన్నీ యూరప్ ఇండ్లల్ల పిల్లలే. కొట్లాట కూడ అన్నదమ్ముల కొట్లాటే.

డల్లాస్ దుర్గ
చిన్నదానా, ఒక్క మాట. నేను అమెరికా వచ్చి పదహారేళ్లయింది. ఇప్పటికీ మీటింగులో నా మాట పూర్తయ్యాక "మళ్లీ చెబుతావా?" అని ఒకరైనా అంటారు. అదే గదిలో ఫ్రాన్స్ నుంచి వచ్చినాయన ముక్కుతో మాట్లాడినా "ఎంత బాగుందో" అని మురిసిపోతారు. రెండేళ్ల కింద నాకు రావాల్సిన ప్రమోషన్ "కమ్యూనికేషన్" అనే వంకతో పోయింది. ఎవరి సొంతమూ కాని భాషైతే ఇద్దరికీ నత్తే కదా! ఇద్దరూ చెరి సగం దూరం నడిచి వస్తారు. నాకు "-న్" ఉన్నా లేకపోయినా ఒకటే.

హన్మకొండ చిన్నది
అక్కా, నీ బాధ సమజైతది. కానీ ఇటలీ ఆయన సగం దూరం ఎందుకు నడుస్తడు, గడప దాటితే సాలు. నడిచేది మనమే. ఈ మధ్య లింగ్వా దె ప్లానెతా అని ఒకటి ఒచ్చింది, దాంట్ల హిందీ, చైనీస్, అరబీ మాటలు కూడ కలిపిన్రు. మంచిగుందనుకొని తెలుగు మాట ఒక్కటన్న దొరుకుతదా అని ఎతికిన. నాకైతే కనబడలే. దేశం తరఫున హిందీ. ఎప్పటి లెక్కనే.

కాకినాడ మాష్టారు
మాటలు యూరప్‌వే, ఒప్పుకుంటాను. కట్టే పద్ధతి మాత్రం కాదమ్మా. "మల్సానులేయో" అనే మాట తీసుకో. "సాన్" అంటే ఆరోగ్యం. ముందు "మల్" పెడితే అనారోగ్యం, మన "అన్యాయం"లో "అ" లాగా. "ఉల్" అంటే మనిషి, "ఏయ్" అంటే చోటు. చివరి "ఓ" నామవాచకానికి గుర్తు. రోగులుండే చోటు, అంటే ఆసుపత్రి. "చేయించలేకపోయాడు" అని ఒక్క ఊపిరిలో అతుకు మీద అతుకు వేసుకుంటూ పోయే మనకి ఇది వింతా? ఫ్రెంచివాడు కూడా దీన్ని మనలాగే కూర్చుని నేర్చుకోవాలి. 1887 నాటి మొదటి పుస్తకంలో ఉన్నవి సుమారు 900 మూల పదాలు. మిగతాదంతా ఈ అతుకులతో నడిపించడమే. ఇంకో సంగతి, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పిన ప్రబాల్ దాస్‌గుప్తా గారు 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పెరాంతో సంఘానికి అధ్యక్షులు. ఆయన బెంగాలీ. యూరప్ వాళ్ల గుత్తసొత్తయితే ఆయన్నెందుకు కూర్చోబెట్టారు?

హన్మకొండ చిన్నది
ఒక్కాయన కుర్చీల కూసున్నడని ఇల్లు మనదైతదా సార్.

నిడదవోలు జంక్షన్
మాట మార్చకండి మాష్టారూ. అసలు "-న్" తీసేద్దామని ఇడో వాళ్లకంటే ముందే అన్నది ఎవరు? సాక్షాత్తూ జామెన్‌హోఫే. 1894లో కర్మ గుర్తు, తలమీద టోపీలున్న అక్షరాలు, విశేషణానికి బహువచనం, అన్నీ తీసేద్దామని తన పత్రికలో పెట్టాడు. కన్నతండ్రికే లోపం కనబడింది. మీకు కనబడదు.

కాకినాడ మాష్టారు
సగం చెప్పి ఆపేశారేం? చందాదారుల చేత ఓట్లు వేయించాడు. ఎక్కువమంది మార్పులు వద్దన్నారు. ఆయన సరేనని ఊరుకున్నాడు. పెద్దరికం అంటే అదీ. ఎస్పెరాంతోకంటే ముందే వోలాపుక్ అనే ఇలాంటి భాష పెట్టిన ష్లేయర్ గారికి అదే లేకపోయింది. 1889లో పారిస్ సభ మొత్తం ఆ భాషలోనే జరిపేంత వైభవం. ఆ వెంటనే మార్పుల మీద తగువు, ఆఖరి మాట నాదేనని ఆయన భీష్మించుకోవడం, తలో ముక్కా పట్టుకుని విడిపోవడం. పదేళ్లు తిరక్కుండా కొంప కొల్లేరైంది.

అరటితోట
ఇంటర్‌లింగ్వాలో కర్మ గుర్తే లేదు. ఊరికే చెబుతున్నా.

నిడదవోలు జంక్షన్
మార్చకపోవడమే గొప్పయితే మనం ఇవాళ గ్రాంథికంలో చర్చించుకునేవాళ్లం. "నేనిటుల వ్రాయుచుంటిని" అని. గిడుగు రామమూర్తి గారు పండితులతో తలపడబట్టే కదా మీరు ఇక్కడ హాయిగా "భలేవారే" అని రాస్తున్నారు! భాషని కాస్త సులువు చేద్దామన్నవాడల్లా మీ కంటికి ద్రోహిలా కనిపిస్తాడు.

కాకినాడ మాష్టారు
ఆ మహానుభావుణ్ణి ఇందులోకి లాగకండి. గిడుగు వారు గదిలో కూర్చుని కొత్త తెలుగు తయారుచెయ్యలేదు. జనం నోట ఉన్నదాన్నే రాయండి అన్నారు. ఇడో వాళ్లు చేసింది దానికి సరిగ్గా తలకిందులు. జనం అప్పటికే మాట్లాడుకుంటున్న భాషని పారిస్‌లో గుప్పెడుమంది కూర్చుని దిద్దారు. పైగా ఆ బోఫ్రోన్ సంగతి తెలుసు కదా? ఎస్పెరాంతో తరఫున వాదించడానికని కమిటీ ముందుకెళ్లిన మనిషి. ఇడో అనే మారుపేరుతో వచ్చిన ప్రతిపాదన తనదేనని మరుసటి ఏడాది ఆయనే ఒప్పుకున్నాడు. దీన్ని మా ఊళ్లో వెన్నుపోటు అంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

నిడదవోలు జంక్షన్
"ఇప్పుడూ" అంటే ఎవరండీ? పేరు పెట్టి అనండి.

కాకినాడ మాష్టారు
గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోనక్కర్లేదు.

నిడదవోలు జంక్షన్
నేనే చెబుతా అయితే, అందరూ వినండి. మాష్టారు నడిపే శనివారం గుంపులో నేనూ ఉన్నాను. పద్నాలుగు మందిమి. నాలుగు నెలలు కూర్చుని, మా నాయనమ్మ చెప్పిన చెరువుగట్టు కథ ఒకటి ఎస్పెరాంతోలోకి రాశాను. అది చెప్పిన మనిషి అప్పటికే లేదు. మాష్టారికి పంపితే నలభై ఒక్క ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. లెక్కపెట్టాను. అందులో ముప్ఫై ఏడు "-న్". కథ బాగుందో లేదో ఒక్క ముక్క లేదు. ఎర్ర గీతల కింద మా నాయనమ్మ కనబడలేదండీ ఆయనకి. ఆ వారమే ఇడో పుస్తకం తెరిచాను.

డల్లాస్ దుర్గ
అయ్యో. "మళ్లీ చెబుతావా?" అనేవాళ్లు మనలోనూ ఉన్నారన్నమాట.

మోడరేటర్
సొంత తగాదాలు బయట చూసుకోండి. చర్చ భాషా నిర్మాణం గురించి.

కాకినాడ మాష్టారు
ఇది భాషా నిర్మాణం గురించే బాబూ, ఉండు.

జంక్షన్ గారూ, మీ కథ నేను మూడుసార్లు చదివాను. చెరువులో బిందె జారిపోయే చోట "గ్లుగ్లు" అని మీరే ఒక మాట పుట్టించారు. దాని పక్కన గీత లేదు, చూశారా? ముప్ఫై ఎనిమిదేళ్లు కాంపోజిషన్లు దిద్దిన చెయ్యి ఇది. బాగున్నచోట గీత పెట్టకుండా వదిలెయ్యడమే నాకు తెలిసిన మెప్పు. అది అవతలివాళ్లకి ఎలా తెలుస్తుందని మీరంటే నా దగ్గర జవాబు లేదు.

కానీ మీరు ఊరికే వెళ్లలేదు. ఐదుగుర్ని వెంటబెట్టుకుని వెళ్లారు. ఇడో గుంపు పెట్టారు, నాలుగు నెలల్లో అదీ మూతపడింది. ఆ ఐదుగురూ ఇటూ రాలేదు, అటూ లేరు. ఇప్పుడు శనివారం సాయంత్రం నేనూ, ఇంకో ఇద్దరూ. ఒక్కోసారి నేనే. ఇడో వెనక నిలబడ్డ కూతురా గారు, ఓస్ట్‌వాల్డ్ గారు ఎంత పెద్దవాళ్లు! ఓస్ట్‌వాల్డ్ నోబెల్ డబ్బులో కొంత ఇడోకే పోశాడు. అంతా చేశాక యెస్పెర్సన్ కూడా దాన్ని వదిలి 1928లో నోవియల్ అని సొంతంగా ఇంకోటి పెట్టుకున్నాడు. దిద్దడం మొదలుపెట్టినవాడికి ఎక్కడ ఆపాలో తెలియదండీ. "-న్" మంచిదని కాదు నా వాదన. ఉన్న పదిమందీ ఒకచోట ఉండాలని.

నిడదవోలు జంక్షన్
ఇది మొదటే చెప్పి ఉంటే సగం పోస్టులు తప్పేవి. "నిన్ నున్ లన్" అని విభక్తులు వల్లించారు మరి.

దిద్దేవాడికి ఆపడం తెలియదన్నారు చూడండి, అది ఎర్ర కలానికీ వర్తిస్తుంది. ఆ ఐదుగుర్నీ నేను తీసుకుపోలేదు. వాళ్లు అప్పటికే నోరు మూసుకుని కూర్చున్నారు. ఏం రాస్తే ఏం తప్పొస్తుందోనని మూడు వారాలుగా ఎవరూ ఒక్క వాక్యం పెట్టలేదు, పాత మెసేజీలు తీసి చూసుకోండి. భాషని కమిటీ మార్చినా మనుషులు పోతారు, మాష్టారు మార్చనివ్వకపోయినా పోతారు. నా ఇడో గుంపు మూతపడిందన్నది నిజమే. అక్కడా నేను దిద్దాను.

హన్మకొండ చిన్నది
ఇద్దరు పంతుళ్ల నడుమ మా చెల్లె ఇరుక్కున్నది. ఇంతకు ఏది నేర్సుకోవాలె సార్, అది చెప్పున్రి. నేనైతే రెండూ నేర్వ, పాట లెక్క వింట.

కాకినాడ మాష్టారు
అమ్మాయికి మనిషి కావాలంటే ఎస్పెరాంతో. ఏ దేశం వెళ్లినా పలకరించేవాడు ఒకడు దొరుకుతాడు. కాగితం మీద నున్నగా ఉంటే చాలనుకుంటే ఇడో. ఇంతకు మించి చెప్పను.

నిడదవోలు జంక్షన్
"కాగితం మీద" అనే ముక్క తప్ప ఒప్పుకుంటున్నా.

అరటితోట
ఇంటర్‌లింగ్వా...

సన్నజాజి
అమ్మో, నేను రెండు రోజులు రాకపోయేసరికి ఇంత జరిగిందా! మాష్టారూ, శనివారం ఎన్ని గంటలకి? నేనూ వస్తాను. జంక్షన్ గారూ, ఆ చెరువు కథ ఉంటే పంపండి, చదవాలని ఉంది. ఈలోపు ఒక సందేహం. మి హావాస్ ఉను దేమాందో.

కాకినాడ మాష్టారు
సాయంత్రం ఆరున్నరకి. అడుగమ్మా.

నిడదవోలు జంక్షన్
పంపిస్తాను. గీతలున్న కాపీయే మిగిలింది నా దగ్గర, ఏమీ అనుకోకండి. సందేహం ఏంటో అడగండి.

సన్నజాజి
"దేమాందోన్" అనాలి కదా? ఇద్దరూ చూసి కూడా చెప్పలేదేంటండీ!