గడ్డకట్టించే ఎంజైము రక్తనాళపు గోడకు కబురు ఎలా చెబుతుంది?

నల్లగొండ_జంతుశాస్త్రం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. పోయిన వానాకాలంలో దేవరకొండ దగ్గర పత్తి చేనులో కలుపు తీస్తుండగా మా మేనమామను రక్తపింజర కరిచింది. ఆసుపత్రిలో డాక్టరు గారు ఆయన నుంచి తీసిన రక్తాన్ని గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఆ తరువాత ఒంచి చూపించారు. అది నీళ్లలాగే జారిపోయింది. విరుగుడు మందు ఎక్కించిన తరువాత మామ కోలుకున్నారు గానీ, ఆ గాజు గొట్టం మాత్రం నా మనసులో నిలిచిపోయింది. దాన్ని గురించి చదవడం మొదలుపెట్టి ఒక చోట చిక్కుకున్నాను.

మేము తరగతిలో చెప్పే పాఠం సూటిగా ఉంటుంది. గాయమైనప్పుడు ప్రోత్రాంబిన్ నుంచి త్రాంబిన్ తయారవుతుంది, త్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను కోసి ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకొని గడ్డ ఏర్పడుతుంది. ఈ పాఠంలో రక్తనాళం ఊరికే గొట్టం మాత్రమే. కానీ నేను చదివిన వ్యాసాలన్నీ త్రాంబిన్ ఆ గొట్టపు లోపొర కణాలకు, అంటే ఎండోథీలియల్ కణాలకు, సంకేతాలు ఇస్తుందని చెబుతున్నాయి. హార్మోను వెళ్లి గ్రాహకంలో కుదురుకుంటే సంకేతం పుడుతుందని మనకు తెలుసు. ప్రోటీన్లను కోయడమే పనిగా గల ఎంజైము ఒక కణానికి ఏం చెప్పగలదు? అంతకన్నా తికమక పెట్టిన సంగతి ఇంకొకటి ఉంది: త్రాంబిన్ వల్ల నాళపు గోడ వదులై కారుతుందని, త్రాంబిన్ చేతనే చైతన్యం పొందే ప్రోటీన్ సి (రక్తంలోని మరో ప్రోటీను) వల్ల అదే గోడ బిగుస్తుందని, పైగా ఆ రెండూ ఒకే గ్రాహకం ద్వారా జరుగుతాయని రాశారు. ఇది ఎట్లా పొసగుతుంది? మా మామ కాలు వాచి పోవడానికి కూడా ఇదే కారణమా?

వనపర్తి_జీవరసాయనం

సార్, మీ మొదటి ప్రశ్నకు 1991 దాకా ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షాన్ కాఫ్లిన్ బృందం త్రాంబిన్ గ్రాహకాన్ని గుర్తించింది. కణత్వచాన్ని ఏడుసార్లు దాటే ఆ ప్రోటీనును ఇప్పుడు పార్-1 అంటున్నాం. అందులో 425 అమైనో ఆమ్లాలు ఉంటాయి, దాని మొదటి కొస కణం బయట, రక్తంలోకి చాచుకొని ఉంటుంది. త్రాంబిన్ ఆ కొసను 41వ స్థానంలోని ఆర్జినిన్ తరువాత కోస్తుంది. అప్పుడు 42వ స్థానంలోని సెరైన్‌తో మొదలయ్యే కొత్త కొస బయటపడి, తాను ఏ గ్రాహకంలో భాగమో ఆ గ్రాహకం మీదికే వంగి, దాన్ని మేల్కొలుపుతుంది. అంటే హార్మోను వంటి తాళంచెవి బయటి నుంచి రాలేదు, గ్రాహకంలోనే దాగి ఉంది.

మా ఊళ్లో పాలు తాగకుండా లేగదూడ మూతికి చిక్కం కడతారు. దూడ తల్లి పక్కనే కట్టేసి ఉంటుంది, పొదుగు అందేంత దూరంలోనే ఉంటుంది, అడ్డం ఉన్నది చిక్కం ఒక్కటే. ఎవరో వచ్చి ఆ చిక్కాన్ని కోసి తమ దారిన తాము పోతే, దూడ వెంటనే మెడ తిప్పి పొదుగు పట్టుకుంటుంది. కోసినవాడు పాలు తేలేదు, దూడనూ తేలేదు. త్రాంబిన్ పని అంతే. దీనికి రుజువు కూడా చక్కగా ఉంది: సెరైన్, ఫినైల్‌అలనిన్, లూసిన్, లూసిన్, ఆర్జినిన్, ఆస్పరజిన్ అనే ఆరు అమైనో ఆమ్లాల చిన్న గొలుసును ప్రయోగశాలలో తయారుచేసి కణాల మీద పోస్తే, త్రాంబిన్ ఒక్క అణువు కూడా లేకుండానే గ్రాహకం మేల్కొంటుంది.

దీనివల్ల ఒక విచిత్రమైన పర్యవసానం ఉంది. హార్మోను వదిలిపోతే దాని గ్రాహకం మళ్లీ మొదటి స్థితికి వస్తుంది గానీ, కోసిన కొస అతుక్కోదు. ఒక త్రాంబిన్ అణువు ఒకదాని తరువాత ఒకటిగా ఎన్నో గ్రాహకాలను కోయగలదు, ఒక్కో గ్రాహకం మాత్రం ఒక్కసారికే పనికొస్తుంది. వాడిన గ్రాహకాన్ని కణం లోపలికి లాక్కొని లైసోజోములకు (కణంలో వాడినవాటిని జీర్ణం చేసే సంచులకు) పంపి, తన దగ్గర దాచుకున్న కొత్తవాటిని పైకి తెచ్చుకుంటుంది.

ఇక కణం లోపల జరిగేది. పార్-1 కొన్ని జి ప్రోటీన్ల (గ్రాహకం నుంచి సంకేతాన్ని కణం లోపలికి అందించే ప్రోటీన్ల) ద్వారా కాల్షియం పెంచుతుంది, దానితో వైబెల్, పెలేడ్ 1964లో వర్ణించిన పొడవాటి కణికలు పగిలి వాన్ విల్లిబ్రాండ్ కారకాన్ని, పి-సెలెక్టిన్‌ను పైకి తెస్తాయి. మొదటిది ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది, రెండవది తెల్లకణాలను. మరికొన్ని జి ప్రోటీన్ల ద్వారా రో-ఏ అనే ప్రోటీన్ చైతన్యం పొంది, కణానికి లోపలి అస్థిపంజరం వంటి ఆక్టిన్ పోగులను బిగిస్తుంది. ఆ బిగువుకు కణం ముడుచుకుంటుంది, పక్క కణంతో ఉన్న అతుకు విడుతుంది, ఆ సందులోంచి ప్లాస్మా బయటికి కారుతుంది. మీరు చదివిన ‘వదులైన గోడ’ ఇదే.

పాలమూరు_వైద్యురాలు

సార్, మీ మామ సంగతి వరకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. రక్తపింజర విషంలో, గడ్డకట్టడానికి తోడ్పడే రక్త ప్రోటీన్లయిన పదవ కారకాన్ని, అయిదవ కారకాన్ని నేరుగా చైతన్యపరిచే ఎంజైములు ఉంటాయి. వాటివల్ల ఒళ్లంతా అదుపు లేకుండా త్రాంబిన్ పుడుతుంది, ఆ త్రాంబిన్ ఉన్న ఫైబ్రినోజెన్‌నంతా ఖర్చు చేసేస్తుంది. గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టకపోవడానికి కారణం గడ్డకట్టే శక్తి ముందే అయిపోవడం. విత్తనాల మూటను గాలికి వెదజల్లినవాడికి సాలు పట్టేటప్పుడు గింజ మిగలనట్టు అన్నమాట. కానీ కాలి వాపును త్రాంబిన్ ఖాతాలో వేయకండి. ఆ విషంలోనే నాళపు గోడ ఆధారపొరను కొరికే లోహ ప్రోటియేజులు, కణత్వచాన్ని పాడుచేసే ఫాస్ఫోలైపేజులు ఉంటాయి, కాటు పడిన చోట వాపుకు ముందు వాటినే చూడాలి. త్రాంబిన్ సంకేతం దానికి కొంత తోడు కావచ్చు, అంతకుమించి చెప్పడం సాహసం.

మరొక మాట, ఆ పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు గొట్టమే వాడాలి. ప్లాస్టిక్ గొట్టంలో చేస్తే ఫలితం నమ్మదగింది కాదు, ఎందుకంటే గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది గాజు ఉపరితలమే.

వైద్య_విద్యార్థి_సూర్యాపేట

మేడం, సార్, నాదొక చిన్న సందేహం. ఇదంతా గిన్నెలో పెంచిన కణాల మీద చూసిందేనా, లేక బతికున్న జంతువులో కూడా ఈ సంకేతం లేకపోతే ఏమైనా తేడా వస్తుందా?

వనపర్తి_జీవరసాయనం

మంచి ప్రశ్న తమ్ముడూ. పార్-1 జన్యువును తీసేసిన ఎలుక పిండాలలో దాదాపు సగం గర్భం మధ్యకాలంలోనే చనిపోతాయి, వాటిలో రక్తస్రావం కనిపిస్తుంది. ఎలుక ప్లేట్‌లెట్లు త్రాంబిన్‌ను గుర్తించడానికి పార్-1 మీద ఆధారపడవు కాబట్టి, ఈ చావులకు ప్లేట్‌లెట్లను తప్పుపట్టలేము. 2001లో అదే కాఫ్లిన్ బృందం పార్-1ను కేవలం నాళాల లోపొర కణాలకు తిరిగి ఇచ్చి చూస్తే ఆ పిండాలు బతికాయి. గడ్డకట్టే ప్రోటీన్లు నాళపు గోడతో మాట్లాడటం గాయమైనప్పటి సంగతి మాత్రమే కాదని, నాళాలు ఏర్పడే నాటి నుంచే ఉందని నేను నమ్మడానికి అదే కారణం.

ఇప్పుడు సార్ అడిగిన రెండవ ప్రశ్న. లోపొర కణాల మీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీను ఉంటుంది. త్రాంబిన్ దాన్ని పట్టుకున్న మరుక్షణం దాని గుణం మారుతుంది: ఫైబ్రినోజెన్‌ను కోయడం మాని, ప్రోటీన్ సి ని దాదాపు వెయ్యి రెట్ల వేగంతో చైతన్యపరుస్తుంది. ప్రోటీన్ సి అన్న పేరు వెనుక గొప్ప అర్థమేమీ లేదు, 1976లో యోహాన్ స్టెన్‌ఫ్లో దాన్ని వేరు చేసినప్పుడు అది మూడవ పాయలో, అంటే ‘సి’ పాయలో వచ్చింది. చైతన్యం పొందిన ప్రోటీన్ సి అయిదవ, ఎనిమిదవ కారకాలను కోసి గడ్డకట్టడాన్ని ఆపుతుంది. అంతటితో ఊరుకోక, లోపొర కణం మీదనే ఉన్న తన సొంత గ్రాహకాన్ని పట్టుకొని, పక్కనున్న పార్-1ను కూడా కోస్తుంది.

అయితే అది కోసే చోటు వేరు. త్రాంబిన్ 41వ ఆర్జినిన్ దగ్గర కోస్తే, ప్రోటీన్ సి 46వ ఆర్జినిన్ దగ్గర కోస్తుంది. పైన నేను చెప్పిన ఆరు అమైనో ఆమ్లాలు గుర్తున్నాయి కదా. ఆ కోతతో వాటిలో మొదటి అయిదూ ఊడిపోతాయి, 47వ ఆస్పరజిన్‌తో మొదలయ్యే వేరే కొస మిగులుతుంది. ఈ కొస గ్రాహకాన్ని వేరే తీరుగా వంచుతుంది, జి ప్రోటీన్లకు బదులు బీటా-అరెస్టిన్ 2 అనే మరో సంకేత ప్రోటీన్ ముందుకు వస్తుంది, రో-ఏకు బదులు రాక్-1 అనే ప్రోటీన్ పనిచేస్తుంది, ఆక్టిన్ కణం అంచుల వెంబడి పేరుకొని అతుకులను బిగిస్తుంది. (చిక్కం పోలిక ఇక్కడ చెల్లదు, చిక్కంతోపాటు మూతినీ కోసినట్టు అవుతుంది.) ఈ రెండవ కోత 2012లో గానీ బయటపడలేదు.

నల్లగొండ_జంతుశాస్త్రం

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక్క పేచీ మిగిలింది. త్రాంబిన్ అంత చురుగ్గా 41 దగ్గర కోస్తుంటే, ప్రోటీన్ సి కి 46 దగ్గర కోసే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? ముందే కోసేసిన గ్రాహకంతో దానికి పనేముంది?

వనపర్తి_జీవరసాయనం

సార్, పోటీ పెడితే ప్రోటీన్ సి ఓడిపోతుంది. పార్-1ను అది త్రాంబిన్ కన్నా ఎన్నో రెట్లు నెమ్మదిగా కోస్తుంది. అందుకే చోటు ముఖ్యం. కణత్వచంలో కొలెస్టరాల్ ఎక్కువగా గల చిన్న గుంతల దగ్గర ప్రోటీన్ సి గ్రాహకమూ పార్-1 పక్కపక్కన చేరి ఉంటాయి, అక్కడ కట్టేసినట్టు ఉన్న ప్రోటీన్ సి కి పార్-1 చేతికందే దూరంలో దొరుకుతుంది. నాళం సైజు కూడా లెక్కలోకి వస్తుంది. సన్నని కేశనాళికలో ఉన్న కాస్త రక్తానికి చుట్టూ గోడే ఎక్కువ, కాబట్టి థ్రాంబోమాడ్యులిన్ కూడా ఎక్కువే. అక్కడికి చేరిన త్రాంబిన్‌లో ఎక్కువ భాగం పట్టుబడి ప్రోటీన్ సి వైపు మళ్లుతుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో లోపొర కణాలు థ్రాంబోమాడ్యులిన్‌ను పోగొట్టుకుంటాయి, అప్పుడు అదే త్రాంబిన్ విడిగా తిరుగుతూ 41 దగ్గర కోస్తుంది.

పాలమూరు_వైద్యురాలు

ఆ చివరి వాక్యం మీదనే ఒక మందు పుట్టి పోయింది. చైతన్యం పొందిన ప్రోటీన్ సి ని మందుగా తయారుచేసి, తీవ్రమైన సెప్సిస్‌కు (ఇన్ఫెక్షన్ వల్ల శరీర అవయవాలు దెబ్బతినే స్థితికి) వాడటానికి 2001లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. తరువాతి పెద్ద పరీక్షలో ప్రాణాలు నిలిపినట్టు తేలకపోవడంతో 2011లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. రక్తస్రావం దాని పెద్ద ఇబ్బంది, ఎందుకంటే గడ్డను ఆపే పని, గోడను బిగించే పని ఒకే అణువులో ఉన్నాయి. ఆ రెంటినీ విడదీయడానికి మూడు లైసిన్ల చోట అలనిన్‌లు పెట్టి 3కె3ఏ అనే రకాన్ని తయారుచేశారు. అందులో గడ్డను ఆపే శక్తి పదోవంతు కూడా లేదు, పార్-1ను కోసే శక్తి మాత్రం ఉంది. దాన్ని పక్షవాతం రోగులలో పరీక్షిస్తూ వచ్చారు. మామ గారి కాలు ఇప్పుడు ఎట్లా ఉంది సార్?

నల్లగొండ_జంతుశాస్త్రం

నడుస్తున్నారు మేడం. మొన్న మళ్లీ చేనుకు పోయారు, ఈసారి మోకాలి దాకా బూట్లు వేసుకొని.