1962లో బొంబాయిలో ఫ్రెండ్‌షిప్ 7 అంతరిక్ష నౌకను చూసినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ఫ్రెండ్‌షిప్ 7లో భూమిని మూడుసార్లు చుట్టి వచ్చారు. ఆ తర్వాత అమెరికా ఆ నౌకను దేశదేశాలు తిప్పి ప్రదర్శించింది. జనం ఆ పర్యటనకు 'నాలుగో ప్రదక్షిణ' అని పేరు పెట్టుకున్నారు. అందులో భాగంగా అది బొంబాయికి కూడా వచ్చింది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

అంతరిక్షం నుంచి తిరిగొచ్చిన వస్తువు కళ్ళెదుట కనబడుతుంటే జనం ఎందుకంత ఎగబడ్డారో నాకు బాగా అర్థమవుతుంది. ఆ నౌక అడుగున వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చోవాలి. పైగా వేడి కవచం వదులైందని సంకేతం రావడంతో, దిగేటప్పుడు అది ఊడిపోతుందేమోనని కింద ఉన్నవాళ్ళకు ఒకటే టెన్షన్. ఆ సంకేతం తప్పని తర్వాత తేలింది గానీ, ఆ నిమిషాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పట్లో మిల్లు పనులకూ ఉద్యోగాలకూ బొంబాయి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కదా. మీ తాతయ్య, అమ్మమ్మ, మామయ్య ఎవరైనా దాన్ని చూశామని చెప్పారా? ఎక్కడ పెట్టారు, క్యూ ఎంత ఉంది, దగ్గరికి వెళ్ళనిచ్చారా? ఫొటో, ఉత్తరం, పాత పేపరు ముక్క ఏది ఉన్నా దయచేసి చెప్పండి. ఆనాటి తెలుగు పత్రికలు ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్ళు దారి చూపినా చాలు. పెద్దవాళ్ళు ఉండగానే ఈ జ్ఞాపకాలు రాసిపెట్టాలని నా తపన.