కొవ్వాడ అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే విజయవాడకు అయోడైడ్ మాత్రలు కావాలా? (మాట్లాడేవాళ్ళ పేటలే ఇక్కడ వాళ్ళ పేర్లు.)

పటమట: శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు విద్యుత్ రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. మన దేశంలో బయటి జనానికి అత్యవసర ప్రణాళిక 16 కి.మీ. దాకానే. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదమప్పుడు 30 కి.మీ. దాటిన ఈతాతే గ్రామాన్నీ ఖాళీ చేయించారు. పొటాషియం అయోడైడ్ మాత్రలు ఇక్కడా ముందే ఇంటింటికీ పంచాలి.

బ్రాడీపేట: కొవ్వాడ మనకు 350 కి.మీ. పైనే అండీ. ఆ మాత్ర థైరాయిడ్‌ను మామూలు అయోడిన్‌తో నింపి, రియాక్టర్ నుంచి వచ్చే రేడియోధార్మిక అయోడిన్-131ని రానివ్వదు, అంతే. అలాగే వచ్చే సీజియం-137కి అడ్డుపడదు. వేయాల్సింది ఆ రేడియోధార్మిక గాలి సోకడానికి ముందు 24 గంటల్లో, లేదా సోకాక 2 గంటల్లోపు. 8 గంటల దాకా కొంత పనిచేస్తుంది. 24 గంటలు దాటాక వేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఇంత దూరాన పిల్లలకు ముప్పు ముఖ్యంగా పాలతోనే: గడ్డి మీద పడిన అయోడిన్-131 పశువుల నుంచి పాలలోకి వస్తుంది. చెర్నోబిల్ తర్వాత పిల్లల్లో వచ్చిన థైరాయిడ్ క్యాన్సర్లకు ముఖ్య కారణం అలాంటి పాలే.

కృష్ణలంక: పెద్దవాళ్ళకి ఎంత డోసు?

బ్రాడీపేట: 130 మి.గ్రా. 3 నుంచి 12 ఏళ్ళవాళ్ళకి 65, నెల నుంచి 3 ఏళ్ళకి 32, నెలలోపు పసికందుకి 16, అదీ ఒక్కసారే. 130 మాత్రను పొడిచేసి 4 చెంచాల నీళ్ళలో కలిపి, 4 చెంచాల డబ్బా పాలు పోస్తే, చెంచాకి 16 వస్తుంది.

పటమట: దూరం దూరం అంటారు. 1986లో పోలండ్ కోటి మందికి పైగా పిల్లలకు అయోడిన్ తాగించింది. మనం కొవ్వాడకి ఉన్నదానికన్నా వాళ్ళ రాజధాని వార్సా చెర్నోబిల్‌కి దగ్గరేం కాదు.

బ్రాడీపేట: అదే పోలండ్ పచ్చగడ్డి మేసిన ఆవుల పాలు ఆపి పిల్లలకు పాలపొడి ఇచ్చింది, అది వదిలేశారేం? పెద్ద రియాక్టర్లకు ఆహారం, పాల కట్టడి 300 కి.మీ. దాకా ముందే రాసుకోమని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెబుతుంది. రాజమండ్రి ఆ గీత లోపలే. గేదెల్ని కొట్టంలో కట్టేసి, కప్పి ఉంచిన వరిగడ్డి, దాణా, బోరునీళ్ళు పెట్టాలి. చిల్లింగ్ సెంటర్‌కి వచ్చిన పాలు పరీక్ష దాటాకే కదలాలి. పరీక్ష దాటని పాలను పొడిచేసి 80 రోజులు ఉంచితే అయోడిన్-131 వెయ్యో వంతుకి పడిపోతుంది, 8 రోజులకొకసారి సగమవుతుంది గనక. సీజియం మాత్రం పోదు, దానికి మళ్ళీ పరీక్షే. ఈ పనులకు మనుషులు కావాలి, మీరేమో మాత్ర దగ్గరే ఆగారు.

సింగ్‌నగర్: 2024 సెప్టెంబరులో బుడమేరు ఇళ్ళలోకి వచ్చాకే మాకు తెలిసింది. పాలు ఆపమని ఎవరు, ఎప్పుడు చెబుతారండీ?

పటమట: అసలు గొడవ ఇదే! మీ లెక్కలన్నీ పైనుంచి కబురు వేళకి వస్తుందన్న నమ్మకం మీద ఉన్నాయి. చెర్నోబిల్ పక్కనున్న ప్రిప్యాత్ ఊరిని ఖాళీ చేయించింది పేలుడు జరిగిన ఒకటిన్నర రోజుకి. ఇంట్లో ఉన్న మాత్రకి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

బ్రాడీపేట: ఉత్తర్వు లేకుండా వేస్తారనే నా భయం! ఓ వాట్సాప్ కబురుకే ఊరంతా మింగుతుంది. పసికందుకి రెండో డోసు పడితే థైరాయిడ్ మందగించవచ్చు. మాత్ర ఇంట్లో ఉందన్న ధీమాతో పాలు తాగిస్తూనే ఉంటారు.

పటమట: పాల కట్టడి ఉత్తర్వు ఎవరిస్తారో, ఎన్ని గంటల్లో ఇస్తారో రాసిన జిల్లా ప్రణాళిక కాగితం చూపించండి. మాత్ర మాట ఎత్తను.