అమెరికా ఓటు పటమట నుంచి వేయొచ్చట, తుళ్లూరు ఓటు డాలస్ నుంచి వేయకూడదా?

పటమట_రాధ
మా పిన్నికి 71. ఇరవై ఏళ్లు న్యూజెర్సీలో ఉంది, అక్కడి పౌరసత్వం తీసుకుంది. బాబాయి పోయాక ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చేది) మీద వచ్చి ఇక్కడ బెజవాడ పటమటలో మా పక్క వీధిలో ఉంటోంది. 2026 నవంబర్ 3న అక్కడ మిడ్‌టర్మ్ ఎన్నికలు, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చేవి. ఇక్కడి నుంచే ఓటు వేయొచ్చని ఎవరో చెప్పారట, ఇక రోజూ నా ప్రాణం తీస్తోంది. చేసినవాళ్లు ఉంటే ఎలాగో చెప్పండి.

బందరురోడ్డు_శేషు
వేయొచ్చండీ. మా నాన్నకి రెండుసార్లు నేనే చేయించాను. ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ అని ఒకటే ఫారం. ఓటరుగా నమోదు కావడం, బ్యాలెట్ పంపమని అడగడం రెండూ దాంతోనే అయిపోతాయి. అమెరికాలో చివరిసారి కాపురం ఉన్న ఇంటి అడ్రసు రాయాలి, ఆ ఇల్లు అమ్మేసినా సరే. పంపాల్సింది ఆ అడ్రసు ఏ కౌంటీలో ఉంటే అక్కడి ఎన్నికల ఆఫీసుకి. ఏటా జనవరిలో కొత్తది పంపితే గొడవ ఉండదు.

బ్యాలెట్ ఈమెయిల్‌లో కావాలని టిక్ పెట్టండి. 2009లో వచ్చిన చట్టం ప్రకారం ఏ రాష్ట్రమైనా అడిగినవాళ్లకి అలా పంపాల్సిందే, అదీ ఎన్నికకి 45 రోజుల ముందు. అంటే సెప్టెంబర్ 19 కల్లా. నింపింది తిరిగి ఎలా పంపాలన్నది మాత్రం రాష్ట్రానికో పద్ధతి, అది కౌంటీ వాళ్లనే అడగండి. టైముకి రాకపోతే రైట్ ఇన్ బ్యాలెట్ డౌన్‌లోడ్ చేసి పేర్లు చేత్తో రాసి పంపొచ్చు.

ఒక్క జాగ్రత్త. మా నాన్న ఫారం మీద ఇంగ్లీషులో సంతకం పెట్టి, బ్యాలెట్ కవరు మీద అలవాటు కొద్దీ తెలుగులో పెట్టారు. సంతకాలు కలవలేదని ఉత్తరం వచ్చింది. ఆయన "రెండూ నావేగా" అంటారు.

ఇంకోటి, పిన్నిగారి పేరు ఇక్కడి ఓటర్ల జాబితాలో ఇంకా ఉందేమో చూడండి. పౌరసత్వం మారాక ఇక్కడ ఓటు లేదు. ఉంటే ఫారం 7 పెట్టి తీయించేయండి.

అరండల్‌పేట_బుల్లోడు
బెజవాడ ఎండలో మజ్జిగ తాగుతూ న్యూజెర్సీ సెనేటర్‌ని ఎన్నుకోవడం. భలే.

డాలస్_తుళ్లూరు
నవ్వండి. ఆ పిన్నిగారు నయం, ఆవిడకి ఒకచోటైనా కాలు కదపకుండా ఓటుంది. నాది ఇండియా పాస్‌పోర్టు. పద్నాలుగేళ్లుగా హెచ్1బి ఉద్యోగ వీసా, గ్రీన్ కార్డు క్యూ కదలదు. ఇక్కడ పన్ను కడతాను, ఓటు లేదు. అక్కడ ఓటుంది, బూత్ దాకా రావాలి. మనలాంటివాళ్ల కోసం ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20ఎ అనే సెక్షన్ 2010లో చేర్చారు. ఫారం 6ఎ పెడితే పాస్‌పోర్టులో ఉన్న ఊరి అడ్రసు మీద పేరు ఎక్కుతుంది. ఎక్కింది. 2024 మే 13కి లక్షా ముప్ఫై వేలు టికెట్టుకి పోసి వచ్చి వేశాను. అమెరికా తన మనిషికి పటమటకి బ్యాలెట్ పంపగా లేనిది, మనవాళ్లు డాలస్‌కి పంపలేరా?

బ్రాడీపేట_4/14
ఓటరు కార్డు ఏది చూపించారు?

డాలస్_తుళ్లూరు
ఎన్నారై ఓటరుకి కార్డు ఇవ్వరండీ. ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి.

బ్రాడీపేట_4/14
కార్డు లేకుండా ఎలా రానిస్తారు? మా బూత్‌లో మా ఆవిడ ఫోన్‌లో ఆధార్ ఫొటో చూపిస్తే వెనక్కి పంపారు.

సింగ్‌నగర్_మాస్టారు
పాస్‌పోర్టు సంగతి పక్కన పెట్టండి. పోస్టులో వచ్చిన ఓటు ఎవరు వేశారో ఎవరికి తెలుసు? 2024లో మన రాష్ట్రంలోనే పోస్టల్ బ్యాలెట్ డిక్లరేషన్ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉంది, సీలు లేదు అని కోర్టు దాకా వెళ్లారు. అవి ఇక్కడే పనిచేసే ఉద్యోగుల ఓట్లు. డాలస్‌లో గెజిటెడ్ అధికారిని ఎక్కడ నుంచి తెస్తారు? గల్ఫ్‌లో పనివాడి పాస్‌పోర్టే యజమాని బీరువాలో ఉంటుంది, బ్యాలెట్ వాడి చేతికి వస్తుందా?

డాలస్_తుళ్లూరు
సైనికులకి 2016 నుంచి బ్యాలెట్ ఆన్‌లైన్‌లో పంపుతున్నారు, వాళ్లు ప్రింట్ తీసి, నింపి పోస్టు చేస్తున్నారు. అక్కడ రాని అనుమానం మా దగ్గరే వస్తుందా? మా తరఫున ఇంకొకరు వేసే ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభలో పాసైంది. రాజ్యసభలో తేలేలోపు ఆ లోక్‌సభ గడువే అయిపోయి మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘమే పోస్టల్ బ్యాలెట్ ఇద్దామంది. మీకొక్కరికే కుదరదు.

సింగ్‌నగర్_మాస్టారు
సైనికుడు ప్రభుత్వం పంపితే వెళ్లాడు. మీరు మీ జీతం కోసం వెళ్లారు.

సూటిగానే చెబుతాను. ఇక్కడ ఉండనివాడికి ఇక్కడ ఓటెందుకు? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చి మా వీధి మునిగితే మేడ మీద నుంచి తాడు కట్టిన బకెట్టు దించి పడవవాడి దగ్గర పాలపాకెట్లు అందుకున్నది మేము. మూడో రోజుకి ఆ బకెట్టులోకి వచ్చినవి రెండు బిస్కెట్ పాకెట్లు. మీరు అప్పుడు వీడియోలు ఫార్వర్డ్ చేస్తున్నారు.

డాలస్_తుళ్లూరు
మా నాన్న 2015లో ఎకరం డెబ్భై సెంట్ల జరీబు (ఏటి ఒడ్డు సారవంతమైన) భూమి రాజధాని పూలింగ్‌కి ఇచ్చారు. ఎకరానికి 50 వేల కౌలు, ఏటా 5 వేలు పెంచుతూ పదేళ్లు అన్నారు. ఆ డబ్బు ఆలస్యమైనప్పుడల్లా ఇంటి ఖర్చుకి, ఆయన మందులకి ఇక్కడి నుంచి నేనే పంపాను. ఎవరు గెలుస్తారన్న దాని మీద మా పొలం రాజధానో ముళ్లకంపో తేలుతుంది. మీ వీధికి నీళ్లొస్తే మీకు దెబ్బ. మా ఊరి గతే మారిపోతే నాకు కాదా?

సింగ్‌నగర్_మాస్టారు
డబ్బు పంపడం వేరు, ఉండడం వేరు.

డాలస్_తుళ్లూరు
మీకు ఓటు మీద కాదు మాస్టారూ, బయటికి వెళ్లి బాగుపడినవాళ్ల మీద కడుపుమంట. పోస్టుపోస్టుకీ కనిపిస్తోంది.

అరండల్‌పేట_బుల్లోడు
అన్నా, మాట తగ్గించు. పెద్దాయన.

సింగ్‌నగర్_మాస్టారు
అననీ బాబు. నాకూ ఇద్దరు కొడుకులు, ఇద్దరూ అక్కడే. కడుపుమంట ఎందుకు, ఫీజులు కట్టి పంపింది నేనే. 2023లో వాళ్లమ్మ పోయింది. చిన్నవాడు వీసా స్టాంపింగ్ అన్నాడు, పదకొండో రోజు ఫోన్‌లో చూశాడు. ఫోన్ పట్టుకుని నిలబడింది ఎదురింటి కుర్రాడు. మరుసటి ఏడు ఓటు కోసం అదే చిన్నవాడు రెండు విమానాలు మారి స్నేహితులతో గన్నవరంలో దిగాడు. నలుగురూ సిరా వేలితో ఫొటో. ఇంట్లో పడుకున్నది ఒక్క రాత్రి.

డాలస్_తుళ్లూరు
మాస్టారూ, అలా అని ఉండాల్సింది కాదు. తప్పే.

కానీ స్టాంపింగ్ అబద్ధం కాదు. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే వెనక్కి వెళ్లలేం, ఉద్యోగం పోతుంది. మరుసటి ఏడాదికి మీ అబ్బాయికి దారి దొరికి ఉంటుంది. నేనూ మా తాతయ్య పోయినప్పుడు రాలేకపోయాను. అయినా అది ఓటు మీద వాదన ఎలా అవుతుంది?

సింగ్‌నగర్_మాస్టారు
వాదన అని నేను అన్నానా? బ్యాలెట్ పోస్టులో పంపితే ఆ ఒక్క రాత్రి కూడా ఉండదు.

బ్రాడీపేట_4/14
పాస్‌పోర్టు చూపిస్తే జాబితాలో సీరియల్ నంబరు ఎలా దొరుకుతుంది? ఇంతసేపటి నుంచీ ఎవరూ చెప్పరేం?

బందరురోడ్డు_శేషు
ఎన్నారైల పేర్లు ఆ బూత్ జాబితాలోనే చివర విడిగా ఉంటాయి సార్. ఇక వదిలేయండి.

పటమట_రాధ
పిన్నికి అంతా చదివి వినిపించాను. మాస్టారి పోస్టు దగ్గర ఇంకోసారి చదవమంది. తన కొడుకు న్యూజెర్సీలోనే ఉన్నాడు, ఈ మధ్య ఎప్పుడు వచ్చాడో నేను అడగలేదు.

శేషు గారూ, సంతకం ఇంగ్లీషులోనే పెట్టించాను. అక్కడి పాత డ్రైవింగ్ లైసెన్సు ముందు పెట్టుకుని తెల్ల కాగితం మీద నాలుగుసార్లు రాసి చూసుకుంది. ఇక్కడి జాబితాలో పేరు లేదు, అది నయం. నిన్న స్కాన్ చేసి కౌంటీకి పంపాం. జవాబు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?