మంగలి కత్తికి సాన ఇంట్లోనే పట్టుకోవాలా, పట్టించుకోవాలా?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ):
అందరికీ నమస్తే. ఆన్‌లైన్‌లో పాత జోలింగెన్ (కత్తులకి పేరున్న జర్మనీ ఊరు) మంగలి కత్తి ఒకటి తీసుకున్నాను. అమ్మినాయన "రాగానే గడ్డానికి పెట్టేయొచ్చు" అన్నాడు. పెడితే గీయడం లేదు, పీకుతోంది. వైజాగ్‌లో దీనికి సాన పట్టేవాళ్ళెవరూ నాకు దొరకలేదు. జగదాంబ దగ్గర సెలూన్లలో అడిగితే నవ్వారు, వాళ్ళ దగ్గరున్నవన్నీ సగం బ్లేడు పెట్టే కత్తులే. ఇక రెండే దారులు: బెంగళూరులో సాన పట్టి పంపే ఒకాయనకి కొరియర్ చెయ్యడం, లేదంటే రాళ్ళు కొని నేనే నేర్చుకోవడం. ఈ కత్తితో గడ్డం గీసుకోవడమే ఇంకా చేతకాలేదు, అప్పుడే సాన జోలికి వెళ్ళొచ్చా?

గాజువాక ఫిట్టర్:
నేర్చుకో గురూ, ఇందులో ఆలోచించడానికి ఏటుంది? పంపించి తెప్పించుకున్నావే అనుకో. కొత్తలో తోలు పట్టీ మీద (గీసుకునే ముందు పదును సరిచేసుకోడానికి రుద్దేది) తిప్పేటప్పుడు వెన్ను, అదే అంచుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు, లేచిపోద్ది, అంచు గుండ్రమైపోద్ది, మళ్ళీ పీకుడు మొదలు. అప్పుడు మళ్ళీ కొరియరా? అసలు వంటింటి కత్తి కన్నా దీనికి సాన పట్టడమే సులువు. ఆ కత్తికి కోణం చేత్తో నిలబెట్టాలి, దీనికి తయారుచేసినోడే పెట్టిచ్చాడు. వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనించి, అంచు ముందుండేలా తొయ్యి. రాయి చివర తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పు. తోలు మీదకొస్తే అంతా రివర్సు, వెన్ను ముందు, అంచు వెనక. బలం పెట్టకు. అంతే.

నీలిపదును:
"అంతే" అట! ఫిట్టర్ గారూ, మీరు పాతికేళ్ళుగా లోహంతో పనిచేస్తున్నారు కాబట్టి మీకు అంతే. ఈ అబ్బాయి పరిస్థితి చూడండి. నురగ కలపడం కొత్త, చర్మం మీద కత్తి పట్టే కోణం కొత్త, తోలు పట్టీ కొత్త. వీటికి సాన కూడా తోడైతే, రేపు కత్తి పీకినప్పుడు తప్పు దేంట్లో ఉందో ఎలా తెలుస్తుంది? మంచి పదును గడ్డం మీద ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడనివాడు, తన సాన కుదిరిందో లేదో దేంతో పోల్చుకుంటాడు? ముందు పంపించు. వచ్చిన పదునుతో కొన్ని నెలలు గీసుకో. ఆ తర్వాత సంతలో దొరికే ఏదో పనికిరాని కత్తి మీద సాన నేర్చుకో. జోలింగెన్ కత్తిని బలిపెట్టకు.

రాళ్ళ ఖర్చు సంగతి కూడా ఎవరూ మాట్లాడరేం? 1000 గ్రిట్ (రాయి ఎంత నున్ననో చెప్పే అంకె, పెరిగేకొద్దీ నున్న), 4000, 8000, పైన ఒక 12000. మంచి జపాన్ రాళ్ళు ఈ నాలుగూ కొంటే కత్తి ఖరీదు ఎక్కడో కిందుంటుంది.

పాతసెలూన్ (అల్లిపురం):
బాబూ, మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని. ఎయిడ్స్ గురించి ప్రచారం వచ్చాక, మనిషికో కొత్త బ్లేడు వెయ్యకపోతే కుర్చీలో కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. అది మంచికే. పాత కత్తి మీ ఒక్కరి గడ్డానికి వాడుకోండి, పక్కవాళ్ళకి ఇవ్వకండి. రోగం అంటడానికి దాని మీద రక్తం కంటికి కనపడక్కర్లేదు.

నేను కత్తి పట్టిన కొత్తలో మా నాన్న నన్ను రాయి ముట్టనిచ్చేవారు కాదు. ముందు తోలు పట్టీ. అది కుదిరాక, చివర్లో వాడే నున్నటి రాయి మీద తేలిగ్గా నాలుగు తోపులు. అరిగిపోయిన అంచుని గరుకు రాయి మీద మొదట్నుంచి కట్టడం మాత్రం ఆయనే చేసేవారు. మీరిద్దరూ రెండు వేర్వేరు పనుల గురించి కొట్టుకుంటున్నారు. తగ్గిన పదునుని మళ్ళీ లేపుకోవడం ఎవరైనా ఇంట్లో నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. అంచు కట్టడం వేరు.

ఇంకో మాట. వీధిలో సైకిలు చక్రం మీద కత్తెరలకి సాన పట్టేవాళ్ళకి మాత్రం ఈ కత్తి ఇవ్వకండి. వాళ్ళ పనిని తక్కువ చెయ్యడం లేదు, అది కత్తెరలకి, కత్తిపీటలకి.

ఉక్కునగరం:
పాతసెలూన్ గారి చివరి మాటకి కారణం నేను చెబుతాను, ఉద్యోగమంతా ఉక్కుతోనే గడిచింది (మా ప్లాంటులో చేసేది కడ్డీలూ, తీగ చుట్టలే లెండి). ఈ కత్తులు కార్బన్ ఎక్కువున్న ఉక్కు. గట్టిపరిచాక, పెళుసుదనం తగ్గడానికి 200 డిగ్రీల చుట్టుపక్కల మళ్ళీ వేడిచేస్తారు, దాన్నే టెంపర్ చెయ్యడం అంటారు. ఎండు చక్రం మీద పెడితే, అంచు కాగితం కన్నా పలచన కాబట్టి, వేడి పోవడానికి చోటుండదు. నీలం రంగు తిరిగిందంటే 300 డిగ్రీల దాకా వెళ్ళొచ్చినట్టే. అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. ఆ మేర మొత్తం అరగదీస్తే తప్ప ఏ రాయి మీద నూరినా పదును నిలవదు.

సానకి సంబంధం లేకపోయినా మన ఊరి సంగతొకటి. ఎంవీపీ అంటే సముద్రగాలి. కత్తిని తడిగా బాత్‌రూమ్‌లో వదిలేస్తే తెల్లారేసరికి అంచు మీద మచ్చలొస్తాయి. తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలచగా రాసి బీరువాలో పెట్టు. కొబ్బరినూనె వద్దు.

గాజువాక ఫిట్టర్:
నీలిపదును గారి ఖర్చు లెక్కకి జవాబు: రాళ్ళు ఎవడు కొనమన్నాడు? ల్యాపింగ్ ఫిల్మ్ ఉంది కదా. ఫైబర్ కేబుల్ కనెక్టర్ల కొసలు నున్న చెయ్యడానికి వాడే ప్లాస్టిక్ షీట్లు. 9 మైక్రాన్, 3 మైక్రాన్, 1 మైక్రాన్ తీసుకో, వీటికి అంకె తగ్గేకొద్దీ నున్న. మందపాటి గాజు ముక్క మీద నీళ్ళు చల్లి పరిస్తే అదే అతుక్కుంటది. రాయి అయితే వాడేకొద్దీ మధ్యలో గుంట పడిపోద్ది, పెన్సిల్‌తో గళ్ళు గీసి గాజు మీద ఎమరీ పేపర్ పెట్టి చదును చేస్తూ ఉండాలి. ఫిల్మ్‌కి ఆ గొడవ లేదు, అరిగితే పారెయ్యడమే.

నీలిపదును:
ఫిల్మ్ కింద ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు, అక్కడ ఫిల్మ్ బొడిపెలా లేస్తుంది, దాని మీదుగా వెళ్ళిన అంచు పంటిగాటు పెట్టినట్టు చితుకుతుంది. అది కూడా చెప్పండి. అయినా ఖర్చు విషయంలో ఒప్పుకుంటాను, మొదటిసారికి ఫిల్మే మేలు. ఇంకొకటి, వెన్నుకి ఎలక్ట్రికల్ టేపు వెయ్యమనండి. లేకపోతే పాత కత్తి వెన్ను మీద అరిగిన పట్టీలు పడతాయి.

గాజువాక ఫిట్టర్:
టేపు దేనికి? వెన్నూ అంచూ కలిసి అరిగితేనే కోణం నిలుస్తది, ఆ కత్తి చేసింది అలా అరగడానికే. 19 మిల్లీమీటర్ల వెడల్పు కత్తికి ఒక పొర టేపేస్తే కోణం సుమారు ఒక డిగ్రీ పెరుగుద్ది. ఈసారి టేపేసి, వచ్చేసారి వెయ్యకపోతే ఫిల్మ్ అంచుని తాకనే తాకదు, వెనకాలే నున్న చేస్తా కూర్చుంటావు. వేస్తే ఎప్పుడూ వెయ్యి, లేకపోతే ఎప్పుడూ వెయ్యకు.

కంచరపాలెం బావ:
నేను సగం బ్లేడు కత్తితోనే గీసుకుంటాను. తుప్పు గొడవ లేదు, రాయి గొడవ లేదు. మీరు కానివ్వండి, బాగుంది చదవడానికి.

సాగరతీరం:
అందరికీ థాంక్స్. పంపించలేదు. ఫిల్మ్ తెప్పించాను, అద్దాల కొట్టులో మందపాటి గాజు కోయించాను, కురుపాం మార్కెట్‌లో కంసాలులు కంటికి పెట్టుకునే భూతద్దం కొన్నాను. కొత్తవాళ్ళకి చెప్పే పరీక్ష ఒకటి చదివి, అంచుకి రెండువైపులా నల్ల మార్కర్ పూసి 9 మైక్రాన్ మీద మెల్లగా తోశాను, ఇంకు పోయిన చోటే ఫిల్మ్ తాకినట్టు. నడిమధ్యన ఇంకు శుభ్రంగా పోయింది. పిడి వైపూ కొస వైపూ అలాగే ఉంది, భూతద్దంలో చూస్తే నల్లగా గీత గీసినట్టు. గాజు వంకరా, కత్తి వంకరా?

పాతసెలూన్ (అల్లిపురం):
గాజు కాదు బాబూ. కత్తి అంచు తిన్నగా లేదు, నవ్వుతున్నట్టు మధ్యలో కొంచెం ముందుకొచ్చి ఉంటుంది. పాత కత్తుల్లో మామూలే, లోపం కాదు. తిన్నగా తోస్తే మధ్యే తాకుతుంది. పిడి వైపు అంచు తాకేలా మొదలుపెట్టి, తోస్తూనే కత్తిని పక్కకి లాగండి. చివరికొచ్చేసరికి పిడిని వెంట్రుకవాసి లేపితే కొస తాకుతుంది. మళ్ళీ మార్కర్ పూసి చూడండి. ఇంకు రెండువైపులా, ఆ చివర నుంచి ఈ చివర దాకా పోయేవరకూ 3 మైక్రాన్ ముట్టుకోవద్దు. కింది మెట్టులో మిగిలిపోయింది పైమెట్టులో రాదు. అందరూ తొందరపడేది ఇక్కడే.

అంచు కట్టడం మీ పని కాదన్నాను నిజమే. ఇంకు చూసి వంకర పట్టుకున్నారు కాబట్టి ఇక మీరే కానివ్వండి.

నీలిపదును:
మాస్టారే అలా అన్నాక నేనేం అంటాను. ఒక్కటి మాత్రం. 1 మైక్రాన్ దాకా వెళ్ళాక చేతి మీద వెంట్రుకలు తెగాయని పండగ చేసుకోకు, 1000 గ్రిట్ మీద తీసినా అవి తెగుతాయి. తోలు మీద తిప్పి, ముందు చెంప ఒక్కటే గీసి చూడు. గడ్డం కొసా, పై పెదవీ తర్వాత. అక్కడ పీకితే ఇంకు పరీక్ష నుంచి మళ్ళీ మొదలు. అప్పటికీ కుదరకపోతే బెంగళూరు దారి తెరిచే ఉంది, నేను చెప్పలేదనుకోకు.