సింగిల్ రోడ్డు, సగం దాకా వడ్లు, ఎదురుగా కారు: తప్పు ఎవరిది?

దేవరకొండ బాట:

అన్నలూ, కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మొన్న ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక కొండమల్లేపల్లి నుంచి మా అత్తగారి ఊరికి పోతున్నా. మెయిన్ రోడ్డు దిగి లోపలికి తిరిగితే ఇక అంతా సింగిల్ రోడ్డే, రెండు పక్కలా సర్కారు తుమ్మ, టర్నింగుల దగ్గర మరీ గుబురు. వానాకాలం కోతలు కదా, ఒక టర్నింగు ముందు నా ఎడమ పక్కన సగం రోడ్డు దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, మొదట్లో చివర్లో రాళ్ళు పెట్టారు, మధ్యలో ఏమీ లేదు. స్పీడు తగ్గించి, హారన్ కొట్టి, కుడికి జరిగి మెల్లగా పోతున్నా. టర్నింగులోంచి ఎర్టిగా ఒకటి దూసుకొచ్చింది. నేను బ్రేక్ వేసి ఎడమకు కోశా, ఆయనా బ్రేక్ వేశాడు, అయినా నా కుడి హెడ్‌లైటుకి ఆయన కుడి మూల తగిలింది. నాది స్విఫ్ట్. హెడ్‌లైటు పగిలింది, బంపర్ చీలింది, ఫెండర్ సొట్ట పడింది. ఆయన బండికీ దాదాపు అంతే. దేవుడి దయ, ఎవరికీ గీత కూడా పడలేదు.

తగిలేటప్పటికి నా బండి ఆగిపోయి ఉంది, అది నా వాదన. ఐదు నిమిషాల్లో పదిహేను మంది చేరారు, అంతా ఆయన ఊరివాళ్ళే. అందులో ఒక పెద్దాయన "వడ్లు నీ పక్కన ఉన్నాయి బిడ్డా, ఆగాల్సింది నువ్వే" అన్నాడు. ఎర్టిగా ఆయన పన్నెండు వేలు అడిగాడు, చివరికి మూడు వేలు ఫోన్‌లో కొట్టి, తెల్లకాగితం మీద "నా తప్పు వల్ల జరిగింది, రాజీ పడ్డాం" అని రాసి సంతకం పెట్టి బయటపడ్డా. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒకటే తిట్టు, ఆగిన బండి వాడివి నువ్వు డబ్బులు ఎందుకిచ్చావని. షెడ్డులో పద్నాలుగున్నర వేలు ఎస్టిమేట్ ఇచ్చారు. ఇంతకీ తప్పు ఎవరిది? ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టొచ్చా?

మహబూబ్‌నగర్ స్టీరింగ్:

ఎర్టిగా వాడిదే తప్పు, అందులో అనుమానమే లేదు. గుడ్డి టర్నింగులో స్పీడుగా వచ్చినవాడు, ఆగి ఉన్న బండిని గుద్దినవాడు వాడే. ఇంకో సంగతి, ఆ రోడ్డు ఎత్తు ఎక్కేదా దిగేదా? ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని రూలు ఉంది. ఊరోళ్ళు చుట్టూ చేరితే మనిషి భయపడి దేనికైనా సంతకం పెడతాడు, అది చెల్లదు.

షెడ్డు మనిషి, నల్గొండ:

స్టీరింగ్ తమ్ముడూ, ఆ రూలు కొండదారులకి, నిటారు రోడ్లకి. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు పనికొస్తుంది, వాగు కల్వర్టు దగ్గర ఉండే చిన్న ఏటవాలుకి దాన్ని పట్టుకుని కొట్లాడితే నవ్వుతారు.

బాట తమ్ముడూ, ముందు రోడ్డు లెక్క చూడు. సింగిల్ రోడ్డు తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. స్విఫ్ట్ అయినా ఎర్టిగా అయినా ఒక్కోటి 1.73 దాకా ఉంటుంది, అదీ సైడ్ అద్దాలు వదిలేసి. రెండూ కలిపితే మూడున్నరకు ఒక జానెడు తగ్గదు, అంటే వడ్లు లేని రోజున కూడా ఇద్దరిలో ఎవరో ఒకరు మట్టిలోకి దిగితేనే రెండు కార్లు దాటేది. సగం రోడ్డు వడ్లు తిన్నాక మిగిలింది ఒక్క బండి దారి. ఆ ఒక్క దారి నీ పక్కది కాదు, ఆయన పక్కది. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు కూడా ఎడమ పక్కన పొమ్మనే చెప్తాయి. అడ్డం ఎవరి పక్కన ఉంటే వాళ్ళే ఆగి, ఎదుటి దారి కనపడ్డాక పోవాలి. కాబట్టి ఆ పెద్దాయన పొరపాటు చెప్పలేదు.

అట్లని ఎర్టిగాని వదిలెయ్యను. సింగిల్ రోడ్డు టర్నింగులో కనపడే దూరంలో సగంలోనే ఆగగలిగే స్పీడులో ఉండాలి, ఎందుకంటే మిగతా సగం ఎదుటి బండికి. తుమ్మచెట్టు కమ్మేసిన టర్నింగులో యాభై మీద వచ్చేవాడికి కూడా వాటా ఉంది. నా లెక్కన నీది అరవై, ఆయనది నలభై.

ఇక "నేను ఆగే ఉన్నా" అనే మాట. షెడ్డుకి వచ్చే ప్రతి ఇద్దరిలో ఇద్దరూ అదే అంటారు. సొట్ట చూసి ఎవరు ఆగి ఉన్నారో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు, తగిలిన తీరు రెండు రకాలుగానూ ఒకేలా ఉంటుంది. చెప్పేది రోడ్డు. గాజు పెంకులు ఎక్కడ రాలాయి, టైరు గీతలు ఎక్కడ ఆగాయి, ఎడమ టైర్లు దేని మీద ఉన్నాయి. బండ్లు పక్కకు తీయకముందు ఫోటోలు తీశావా? తీసి ఉంటే నీ ఎడమ టైరు వెనక ఏముందో పెద్దది చేసి చూడు.

పాలసీ అక్క:

తప్పు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, నేను డబ్బు సంగతి చెప్తా, నేను చేసేది అదే పని. దెబ్బ తగలనప్పుడు, బండ్లకి మాత్రమే నష్టమైనప్పుడు మామూలుగా ఎవరి బండికి వాళ్ళ పాలసీలోంచే బాగుచేయించుకుంటారు. మీ తప్పు అయినా సరే మీ ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) క్లెయిమ్ ఇస్తారు, కాంప్రహెన్సివ్ పాలసీ, సరైన లైసెన్స్ ఉండి, తాగకుండా ఉంటే చాలు. ఎదుటివాళ్ళ బండి నష్టానికి మీ థర్డ్ పార్టీలో ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంటుంది, కానీ అది ట్రిబ్యునల్ దాకా పోయే వ్యవహారం, బంపర్ కోసం ఎవరూ పోరు.

మీరు చేసిన పెద్ద పొరపాటు ఆ కాగితం. పాలసీ షరతుల్లో రాసే ఉంటుంది, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా తప్పు ఒప్పుకోవద్దు, డబ్బు ఇస్తామని మాట ఇవ్వొద్దు అని. మూడు వేలు పోయాయనుకోండి, అది తిరిగి రాదు. మీ బండి క్లెయిమ్ మాత్రం ఇంకా పెట్టొచ్చు, కానీ ఈరోజే కంపెనీకి చెప్పండి, సర్వేయర్ చూడకముందు బంపర్ విప్పించొద్దు.

పెట్టాలా వద్దా అనేది లెక్క. రెండేళ్ళుగా క్లెయిమ్ లేదనుకుందాం, అంటే ఇప్పుడు మీకు 25 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు, నడుస్తోంది. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది 35, తర్వాత 45, ఆపైన 50. క్లెయిమ్ పెడితే సున్నా నుంచి మళ్ళీ 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడాలు 35, 25, 25, 15, 5, అన్నీ కూడితే 105, అంటే ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మొత్తం మెల్లమెల్లగా పోయినట్టే. మీది ఆరు వేలు అనుకుంటే ఆరు వేలు. జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే బంపర్, హెడ్‌లైట్ లాంటి ప్లాస్టిక్‌కి సగమే ఇస్తారు, 1500 సీసీ లోపు బండికి ఇంకో వెయ్యి కోత. పద్నాలుగున్నరలో చేతికొచ్చేది తొమ్మిది వేలు, అందులో ఆరు ఇలా పోతే మిగిలేది మూడు. జీరో డెప్ ఉంటే మాత్రం ఆలోచించకుండా పెట్టండి.

వడ్ల రైతు:

అందరూ వడ్లు వడ్లు అంటున్నారు, వడ్లు పోసినవాడిని నేను కాకపోయినా నాలాంటివాడే పోశాడు. రోడ్డు మీద పోయడం తప్పే, ఒప్పుకుంటా, పోలీసులు కూడా తీయమంటారు. కానీ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, హార్వెస్టర్ నుంచి పచ్చిగా వచ్చిన వడ్లు ఎక్కడ ఆరబెట్టాలి? మా తాతల కాలంలో ఊరికి కల్లాలు ఉండేవి, ఇప్పుడు ఆ జాగాలో ఇళ్ళు లేచాయి. ఎండకు కాగేది తారు ఒక్కటే. అయినా టర్నింగు దగ్గర పోసినవాడిది బుద్ధి తక్కువ పని, రాత్రిపూట నల్ల టార్పాలిన్ కప్పి వదిలేసేవాడిది ఇంకా తక్కువ, బైకు మీద వచ్చేవాడికి అది కనపడదు. కార్ల వాళ్ళకి ఒక మాట, వడ్ల మీద బ్రేక్ వేస్తే బండి ఆగదు, గోలీల మీద నడిచినట్టే.

దేవరకొండ బాట:

షెడ్డు అన్నా, ఫోటో పెద్దది చేసి చూశా. నా ఎడమ ముందు టైరు వడ్ల మీద ఉంది. దాని వెనక వడ్లు చీరుకుపోయి కింద నల్ల తారు తేలింది, రెండు అడుగులు కాదు, ఒక మనిషి పొడవు. అంటే బ్రేక్ కాలు కింద ఉంది కాబట్టి ఆగాననుకున్నా గానీ బండి జారుతూనే పోయి తగిలింది. రైతన్నా, మీ గోలీల మాట చదివాకే అర్థమైంది.

నిన్న ఎర్టిగా ఆయనకి ఫోన్ చేశా, నంబరు ఫోన్ పేలో ఉంది కదా. ముందు గొంతు పెంచాడు, మళ్ళీ డబ్బులు అడగడానికే చేశాననుకున్నట్టున్నాడు. కాగితం చింపేద్దాం, ఎవరి బండి వాళ్ళం చేయించుకుందాం అంటే కాసేపు ఆగి సరే అన్నాడు, "నేనూ కొంచెం స్పీడులోనే ఉన్నా తమ్మీ" అన్నాడు. చింపిన కాగితం ఫోటో పంపాడు. మూడు వేల సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్కా, జీరో డెప్ లేదు, కిందటేడు ఏజెంటు అడిగితే ఎందుకులే అన్నా. కాబట్టి క్లెయిమ్ పెట్టట్లేదు. బంపర్ ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి రంగు కొట్టిస్తే సరిపోతుందన్నారు, విప్పితే లోపల గుప్పెడు వడ్లు రాలాయి. హెడ్‌లైటు మాత్రం మార్చాల్సిందే, నల్గొండలో గానీ మిర్యాలగూడలో గానీ మంచి సెకండ్ హ్యాండ్‌ది దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కుడి వైపుది.