హామ్ వచ్చాడా, వచ్చిందా?

అందరికీ నమస్కారం. మా అన్నయ్య మనవరాలు ఆరో తరగతి. మొన్న బడివాళ్లు పిల్లల్ని బిర్లా ప్లానెటేరియంకి తీసుకెళ్లి, అంతరిక్షంలోకి వెళ్లిన జంతువుల మీద ఒక పేజీ రాసుకురమ్మన్నారు. ఇది అమెరికావాళ్లు పంపిన హామ్ అనే మగ చింపాంజీని పట్టుకుంది. 'హామ్ ఆరున్నర నిమిషాలు బరువు తెలియకుండా ఉన్నాడు' అని రాస్తే, 'ఉన్నాడు' కొట్టేసి ఎర్ర సిరాతో 'ఉంది' అని దిద్ది పంపారు. పిల్ల మూతి ముడుచుకుని కూర్చుంది.

వ్యాకరణం ప్రకారం టీచరమ్మదే రైటు. చిన్నయసూరి లెక్కలో ఆడవాళ్లు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు పోగా మిగిలినవే మహత్తులు, అంటే 'ఉన్నాడు' అనదగ్గవి. కానీ సంక్రాంతికి మా బాగ్‌లింగంపల్లి సందులోకి గంగిరెద్దు వస్తే 'బసవన్న వచ్చాడు' అంటామే గానీ 'వచ్చింది' అంటామా?

లైకాతో ఈ తంటా లేదు. మాస్కో వీధికుక్క, ఆడది. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో వెళ్లింది. 1963లో వ్యోమగామి వాలెంతీనా తెరెష్కోవా కూడా వెళ్లింది. క్రియ చూసి ఎవరు మనిషో ఎవరు కుక్కో చెప్పలేం. ఇద్దరైతేనే గుట్టు బయటపడుతుంది. 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు ఒక రోజు పైన తిరిగి ప్రాణాలతో దిగాయి. చూశారా, 'దిగాయి' అనేశాను! అదే ఆడవాళ్లయితే 'దిగారు'.

మీరైతే హామ్‌కి ఏం రాస్తారు?

జవాబు: సార్, కుక్కని పెంచుకునేవాళ్లని అడగండి. మా టామీగాడు ఏనాడూ 'వచ్చింది' కాదు, 'వచ్చాడే'. పరీక్ష పేపర్లో మాత్రం 'వచ్చింది' రాయమంటాను. మార్కులు ఊరికే రావు కదా.

ఇంకో జవాబు: అన్నా, లైకాకు మా దిక్కు మాట ఇంకా మంచిగ కుదురుతది. 'వెళ్లింది' అనం, 'పోయింది' అంటం. దాన్ని మళ్ల కిందికి తెచ్చే ఏర్పాటే చెయ్యలే. దినాల తరబడి బతికిందని చెప్పుకుంట వచ్చిన్రు. లోపల వేడి పెరిగి కొన్ని గంటలకే పానం పోయిందని 2002ల గాని బయటికి రాలే. పైకి పోయింది, పానం పోయింది. రెండు ముచ్చట్లు ఒక్క మాటల!

నా జవాబు: తమ్ముడూ, 'పోయింది' అదిరింది. నాకు తట్టనే లేదు.

హామ్ సంగతి మళ్లీ చదివితే ఒకటి దొరికింది. 1961 జనవరి 31న ఎక్కించేటప్పుడు అధికారులు ఆ చింపాంజీకి పేరు వాడలేదు, నంబరే, 65. పేరున్న జంతువు చనిపోతే జనం గోల చేస్తారని భయం. దీపం వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. తప్పితే అరికాలికి కరెంటు షాకు, సరిగ్గా నొక్కితే అరటిపండు బిళ్ల. పదహారున్నర నిమిషాల ప్రయాణం. క్షేమంగా సముద్రంలో దిగాకే హామ్ అన్న పేరు లోకానికి తెలిసింది. అదీ ముద్దుపేరు కాదు, దాన్ని సాకిన హాలోమన్ వైద్యకేంద్రం ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు. ఫ్రాన్సువాళ్లూ అంతే. 1963 అక్టోబరులో పంపిన పిల్లి అప్పటికి సి 341. ఫెలిసెట్ అయ్యింది తర్వాతే. లైకాకి మాత్రం ముందునుంచీ పేర్లే పేర్లు. ఉంగరాల బొచ్చుదని కుద్ర్యావ్కా అనీ పిలిచారట.

ఇదంతా పిల్లకి చెప్పాను. కాసేపు పెన్సిలు కొరికి పేజీ మళ్లీ రాసింది. రాకెట్ ఎక్కేటప్పుడు '65వ నంబరు ఎక్కింది', పైన ఉన్నంతసేపూ 'ఉంది'. ఓడ మీదికి చేర్చాక 'హామ్ యాపిల్ తిన్నాడు'.

నేనైతే దిద్దలేదు. నోటుపుస్తకం సోమవారం టీచరమ్మ చేతికి వెళ్తుంది.